నత్తిపిట్టకు ఎర్రకాళ్లు

జూన్ 2

పెదబీల కాపలా పుస్తకం. రాస్తున్నది కొయ్యాన ఢిల్లేశ్వరరావు.

పొద్దున్నే చెవులు తుడిచాను. ఇరవై ఆరింటిలో ఇరవై మూడు బాగానే ఉన్నాయి. ఒకదాంట్లో కందిరీగలు గూడు కట్టాయి. ఒకదాని మూత గాలికి పోయింది. ఇంకోదాని మీద నీటికాకి తీరిగ్గా కూర్చుని, చేయవలసిందంతా చేసి వెళ్లింది.

ఈ పుస్తకం కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. చెవులంటే వెదురు గుంజల మీద బిగించిన కొబ్బరిచిప్పంత పెట్టెలు. చుట్టుపక్కల ఏ పిట్ట కూసినా విని, నా గుడిసెలో ఉన్న యంత్రానికి పంపుతాయి. యంత్రానికి ఏదో పెద్ద పేరుంది. మేము దాన్ని కరణం అంటాం. వచ్చిన గొంతును తన దగ్గరున్న రెండువందల పన్నెండు గొంతులతో పోల్చి, ఇది ఫలానా పిట్ట అని రాసేస్తుంది. తెలియదు అనే మాట దాని నోట నేను పదకొండేళ్లలో ఒక్కసారీ వినలేదు.

తర్వాత గట్టు చూశాను. సముద్రం ఊళ్ల మీదికి వచ్చాక మా తాతల కాలంలో పోసిన గట్టు ఇది. ఇటు బీలలో, అంటే మా చిత్తడినేలలో, మంచినీళ్లు, మోకాలు లోతు. అటు ఉప్పునీళ్లు, ఎంత లోతో ఎవరికీ తెలియదు. ఏడుచోట్ల బీల నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పు చూశాను. ఉప్పు కొలిచే మీటరు పోయిన ఏడాది చెడింది. నా నాలుక ఇంకా చెడలేదు.

మధ్యాహ్నం గాలిబండి వచ్చి గుడిసె కప్పు మీద ఒక కవరు పడేసి పోయింది. ప్రాణుల పట్టిక ఆఫీసు నుంచి. రెండుసార్లు చదివాను. సారాంశం ఇది.

ఎర్రకాళ్ల జమ్ముపిట్ట. నూట డెబ్బై ఏళ్ల కిందట పెదబీలలో దొరికిన రెండు పిట్టల చర్మాలు చూసి ఒక పండితుడు ఆ పేరు పెట్టాడు. తర్వాత ఎవరికీ కనబడలేదు. చర్మాలు దాచిన మ్యూజియం సముద్రంలో కలిసిపోయింది. మిగిలింది ఒక పేజీ వర్ణన, ఒక రంగుబొమ్మ. అంతరించిపోయిందని కొందరు అంటారు. అసలు అలాంటి జాతే లేదు, మామూలు జమ్ముపిట్టల్లోనే ఏవో రెండు తేడాగా పుట్టాయని కొందరు అంటారు. కాబట్టి ఆ పేరును పట్టిక నుంచి కొట్టివేయాలని ప్రతిపాదన. అభ్యంతరం ఉంటే నలభై రోజుల్లో ఆధారం చూపించాలి. అంటే జూలై పన్నెండు.

కింద డాక్టర్ కృపామణి అని సంతకం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అందుకు కోపం ఇంకొంచెం ఎక్కువ వచ్చింది.

బీలలో ఉన్న మిగతా పిట్టలన్నీ వేరేచోట్ల కూడా ఉన్నాయి. ఈ బీలను ఎవరూ తవ్వకూడదని పట్టికలో రాసి ఉన్నది ఆ ఒక్క పిట్ట వల్లే. ఎవరూ చూడని పిట్ట, బహుశా ఎన్నడూ లేని పిట్ట, ఇంత బీలను ఇన్నాళ్లు కాపాడింది. జీతగాళ్లందరిలోకీ నేను విచిత్రమైనవాణ్ని. పదకొండేళ్లుగా లేనిదానికి కాపలా కాస్తున్నాను.

జూన్ 5

గవరయ్య బావ వచ్చాడు. మా అక్క మొగుడు, ఎగువపేట నీటిసంఘం పెద్ద. దోనె దిగుతూనే నవ్వాడు కాబట్టి కబురు ఆయనకూ అందిందని తెలిసిపోయింది.

"ఏటి డిల్లేసూ, నీ పిట్టకి నోటీసిచ్చీసినారంట?"

"ఇచ్చినారు. నువ్వు పార పట్టుకొచ్చీసినావేటి?"

"పార దోనెలో ఉన్నాది," అన్నాడు. వెళ్లి చూశాను. నిజంగానే ఉంది. కాకపోతే అక్క పంపిన పనసకాయ మట్టిలో దిగబడకుండా దాని మీద పెట్టి తెచ్చాడట.

పనసతొనలు తింటూ కూర్చున్నాం. బావ మీద నాకు కోపం రాదు. ఎగువపేటలో నాలుగువేల మంది ఉన్నారు. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసే యంత్రం వారానికి రెండు రోజులు మొరాయిస్తుంది. ఆ రెండు రోజులూ నీటిచీట్లు పట్టుకుని జనం బావ గుమ్మం ముందు నిలబడతారు. బీలను నాలుగు నిలువుల లోతు తవ్వితే ఏడాది పొడుగునా తాగునీళ్లు నిలుస్తాయని ఆయన లెక్క. లెక్కలో తప్పు లేదు. జమ్ము ఉండదు, పిట్టలుండవు, అంతే.

"నాను నీ పిట్టని తరమడానికి రాలేదు," అన్నాడు బావ వెళ్లేముందు. "ఉంటే సూపించు. ఒక్కపాలి సూపించు. మళ్లీ తవ్వుతానని అడిగితే అప్పుడు నన్నడుగు."

జూన్ 11

తొలకరి పడింది. జమ్ము పచ్చగా లేచింది. ఎర్రకాళ్ల కోసం ఆరు రోజులుగా బీలంతా తిరుగుతున్నాను.

ఇప్పటివరకు నాకు కనబడిన ఎర్రకాళ్లు: పొడుగుకాళ్ల కొంగజాతివి తొమ్మిది, పీతలు లెక్కలేనన్ని, గంట సేపు బురదలో పొంచి ఉండి తీరా చూస్తే వానపాములు తింటున్న ఒక బాతు, చివరికి జలగలు పట్టిన నా కాళ్లు.

రంగుబొమ్మను గుడిసెలో దీపం పక్కన గోడకు అంటించాను. పిచ్చుక కంటే కొంచెం పొడుగు. ఒళ్లంతా ఎండిన జమ్ము రంగు. కాళ్లు మాత్రం అప్పుడే పారాణి పెట్టినట్టు ఎర్రగా. దాని పక్కన వర్ణన: "కాళ్లు నిగనిగలాడే ఎరుపు. ముక్కు కొంచెం పొడుగు. రెక్కలో రెండో ఈక ఏడోదానికంటే పొట్టి." ఎగిరే పిట్ట రెక్కలో ఈకలు ఎవడు లెక్కపెడతాడు? అందరూ చూసేది కాళ్లే. నేనూ కాళ్లే చూస్తున్నాను.

కరణాన్ని కూడా అడిగాను. ఎర్రకాళ్ల జమ్ముపిట్ట: సున్న. జమ్ముపిట్ట: ఈ ఒక్క రోజే తొమ్మిదివందల నాలుగు కూతలు. సున్న కాక ఇంకేం వస్తుంది? ఎర్రకాళ్ల దాని గొంతు ఎవరూ ఎప్పుడూ రికార్డు చేయలేదు. కరణం దగ్గర లేని గొంతు కరణానికి వినబడదు.

జూన్ 17

అసిరమ్మ దగ్గరికి వెళ్లాను. బీల ఉత్తరపు ఒడ్డున నిట్రాళ్ల మీద వేసిన ఇల్లు ఆమెది. ఎనభై దాటాయి. ఇంకా తనే జమ్ము కోసి, ఎండబెట్టి, చాపలు అల్లుతుంది. ఆమె తల్లీ, తల్లి తల్లీ ఇక్కడే ఈ పనే చేశారు. ఇంతకాలం ఆమెను అడగాలని నాకు తోచలేదు. ఆఫీసువాళ్లకు తోచకపోవడం సరే, పక్కనే ఉన్న నాకు తోచకపోవడం సిగ్గుగా ఉంది.

"అసిరమ్మవ్వా, మీ పెద్దోళ్లు ఎప్పుడైనా ఎర్రకాళ్ల పిట్ట గురించి సెప్పినారేటి?"

ఆమె అల్లిక ఆపకుండానే నవ్వింది. "ఎందుకు సెప్పరు? మా ముత్తమ్మ కాళ్లూ ఎర్రగానే ఉండేవి."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ రోజుల్లో ఎర్రచాపలంటే పెళ్లిళ్లకు గిరాకీ. బీల ఒడ్డునే గుంతలు తవ్వి, చెట్టుబెరడు ఉడకబెట్టిన ఎర్రటి నీళ్లు పోసి, కట్టలకొద్దీ జమ్ము అందులో నానబెట్టేవారు. ఆ గుంతల మీద దోమలు, పురుగులు మూగేవి. వాటి కోసం పిట్టలు దిగేవి.

"గుంటలో దిగిన పెతీదాని కాళ్లూ ఎర్రబడిపోయేవంట. పిట్టలూ, బాతులూ, కుక్కలూ, పిల్లలూ అందరికీని. రెణ్నెల్లకి గానీ ఒదిలేది కాదు. ఒక దొర తుపాకీ అట్టుకొచ్చి ఆ గుంటల కాడే పిట్టల్ని కొట్టుకుపోయినాడని మాయమ్మ నవ్వేది."

నేను కూడా నవ్వాను. ఆమె ఇచ్చిన తాటిబెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. దోనె ఎక్కి సగం దూరం వచ్చాక గానీ ఆమె చెప్పినదేమిటో నా బుర్రకెక్కలేదు.

ఎర్రకాళ్ల జమ్ముపిట్ట లేదు. ఎన్నడూ లేదు. చాపల రంగులో తడిసిన కాళ్లు చూసి ఆ పండితుడు ఒక జాతిని పుట్టించాడు.

జూన్ 21

నాలుగు రోజులుగా ఈ పుస్తకంలో రాయబుద్ధి కాలేదు. చెవులు తుడిచాను, ఉప్పు చూశాను, గట్టుకు పడిన ఎండ్రకాయ బొక్కలు పూడ్చాను. రాయలేదు, అంతే. కిందటి పేజీ చింపేద్దామని కూడా ఒకసారి చెయ్యి వేశాను. అదీ ఒప్పుకుంటున్నాను.

ఇందులో రాసిన ప్రతి మాటా పట్టిక ఆఫీసుకు సాక్ష్యం. అసిరమ్మ మాట నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె దగ్గరికి ఆఫీసువాళ్లు ఎవరూ రారు. నేను నోరు మూసుకుని, జమ్ములో ఏదో ఎర్రగా మెరిసినట్టుంది, ఇంకో ఏడాది గడువివ్వండి అని రాస్తే ఇస్తారు. ఇలాంటి గడువులు ఇదివరకు ఇచ్చారు కూడా.

నిన్న సాయంత్రం వాన వెలిసాక దోనె మధ్యలో ఆపి కూర్చున్నాను. చుట్టూ జమ్ముపిట్టలు ఒకటే గోల. వీటి కోసమైనా ఒక్క అబద్ధం ఆడొచ్చు కదా అనిపించింది. ఆ వెంటనే బావ గుమ్మం ముందు నిలబడే జనం గుర్తొచ్చారు. లేని పిట్టను చూపించి వాళ్ల నీళ్లు ఆపడం నా వల్ల కాదు. బీల కావాలంటే బీల కోసమే అడగాలి. ఒకవేళ ఇవ్వకపోతే ఇవ్వరు.

అసిరమ్మ చెప్పిందంతా పొల్లుపోకుండా రాసి ఈ రోజు గాలిబండికి ఇచ్చేశాను. ఇచ్చాక నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది. పెసరట్లు ఆరు తిన్నాను.

జూన్ 29

డాక్టర్ కృపామణి స్వయంగా వచ్చింది. గుంటూరు వైపు మనిషి. ముప్పై ఐదేళ్లుంటాయి. సంతకం చూసి నేను ఊహించుకున్న మనిషికీ ఈమెకూ ఏ పోలికా లేదు. దోనె దిగబోయి నడుముదాకా బురదలో దిగింది. పైకి లాగుతుంటే నవ్వు ఆపుకోలేకపోయింది. ఒక చెప్పు బీలలోనే ఉండిపోయింది.

"ఢిల్లేశ్వరరావు గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," అంది కాళ్లు కడుక్కుంటూ. "కొట్టివేయమని రాసింది నేను. మీరు నన్ను తిడుతూ ఉత్తరం రాస్తారనుకున్నా. నా వాదాన్ని నాకంటే బాగా రుజువు చేసి పంపారేంటండీ?"

"నిజం అలగుంటే నానేటి సేస్తానమ్మా?"

"రుజువు చూడకుండా సంతకం పెట్టను. ఆవిడ దగ్గరికి తీసుకెళ్తారా?" అంది.

అసిరమ్మ మళ్లీ అంతా చెప్పింది, ఈసారి ఇంకా సరదాగా. రంగు పోసిన గుంతల ఆనవాళ్లు చూపించింది. కృపామణి అన్నీ ఫొటోలు తీసుకుని, చివరగా, ఏదో పద్ధతి కోసం అడిగినట్టు అడిగింది.

"అవ్వా, ఆ గుంతల దగ్గరికి ఎక్కువగా వచ్చింది జమ్ముపిట్టలేనా?"

"జమ్ముపిట్ట ఎందుకొస్తాదమ్మా? దానికి కొత్త జమ్ము, తేటనీరు గావాల. గుంటల కాడికొచ్చేది నత్తిపిట్ట."

కృపామణి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"నత్తిపిట్టేటి అవ్వా?" అన్నాను.

అసిరమ్మ అల్లిక ఆపింది. నా మీద జాలిపడినట్టు చూసింది. "ఓలమ్మో! పదకొండేళ్ల బట్టి పిట్టల కాపలా కాస్తున్నావు, నత్తిపిట్ట తెలీదేటి? సూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. జమ్ముపిట్ట గడగడా కూసీసి పోతాది. నత్తిపిట్ట మొదలెట్టి ఆగిపోతాది. మళ్లీ మొదలెడతాది, మళ్లీ ఆగిపోతాది. మూడోపాలికి గానీ పాట బయటికి రాదు. ముదర జమ్ములో గూడెడతాది. అందికే మాం ముదర జమ్ము కొయ్యం."

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?" అంది కృపామణి.

"నన్నెవులడిగినారు?"

జూన్ 30

తెల్లారకముందే ముదురు జమ్ము అంచుకు వెళ్లాం. తూర్పు తెల్లబడుతుండగా ముందు మామూలు జమ్ముపిట్టలు అందుకున్నాయి. అలవాటైన గోల. దాన్ని దాటి వినడం నాకు చేతకాలేదు. కృపామణి కళ్లు మూసుకుని కూర్చుంది.

అప్పుడు వినబడింది. టిక్, టిక్కిరి, అని ఆగింది. టిక్, టిక్కిరి, మళ్లీ ఆగింది. మూడోసారికి మొత్తం పాట జలజలా వచ్చేసింది.

ఈ కూత నేను పదకొండేళ్లుగా వింటున్నాను. కుర్ర జమ్ముపిట్టలు పాట నేర్చుకుంటున్నాయని అనుకునేవాణ్ని. పాపం ఇంకా రావట్లేదు అని నవ్వుకునేవాణ్ని కూడా. నేర్చుకోవలసింది నేనన్నమాట.

గుడిసెకు వచ్చి కరణం ముందు కూర్చున్నాం. ఆ పొద్దున ముదురు జమ్ము దగ్గరున్న చెవి విన్నదంతా తిరగేశాం. నత్తి కూత ఒక్కొక్కటీ తీసి అడిగితే కరణం చెప్పిన జవాబు: జమ్ముపిట్ట. జమ్ముపిట్ట. జమ్ముపిట్ట. సందేహం లేదు.

"దగ్గరి పోలిక ఏది దొరికితే దాంట్లో పడేస్తోంది," అంది కృపామణి. "నేనూ అదే చేశాననుకోండి."

ఆమె తెచ్చిన సాధనంతో కూతల్ని గీతలుగా మార్చి గోడ మీద చూపించింది. జమ్ముపిట్ట పాట ఒక తీరు, నత్తిపిట్ట పాట ఇంకో తీరు. నా కళ్లకే తేడా తెలిసింది. కానీ పాట ఒక్కటే సరిపోదట. ఒకే జాతి పిట్టలు వేర్వేరుగా పాడటమూ ఉంది. పిట్టను చేత్తో పట్టుకుని చూడాలి.

జూలై 2

సన్నటి వల కట్టాం. అసిరమ్మ ఎక్కడ కట్టాలో చెప్పింది. మొదట పడింది బురదపాము. రెండోసారి కృపామణి. మూడోసారి పిట్ట.

అరచేతిలో ఇమిడిపోయేంత చిన్న ప్రాణం. గుండె నా బొటనవేలి కింద టకటకా కొట్టుకుంటోంది. ఒళ్లంతా ఎండు జమ్ము రంగు. కాళ్లు చూశాను. బురద రంగు. ఎరుపు ఎక్కడా లేదు. లేదని తెలిసి కూడా చూశాను.

కృపామణి దాని రెక్కను విసనకర్రలా మెల్లగా విప్పింది. పెదవులు కదుపుతూ ఈకలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి లెక్కపెట్టాక నా చెయ్యి పట్టుకుని తన వేలు పెట్టిన చోట నా వేలు పెట్టించింది.

"రెండోది. ఇదుగో ఏడోది. ఏది పొట్టి?"

"రెండోది."

"జమ్ముపిట్టకు రెండోది ఏడోదానికంటే పొడుగుంటుందండీ. ఎప్పుడూ. ఏ పుస్తకంలో చూసినా అంతే." ఆమె రెక్కను మెల్లగా మూసింది. "ఆ పండితుడు ఇది కూడా రాశాడు. అందరం కాళ్ల దగ్గరే ఆగిపోయాం. కాళ్లు అబద్ధమని తేలితే పిట్ట మొత్తం అబద్ధమనుకున్నాం."

సాయంత్రానికి నత్తిపిట్టలు నాలుగు, జమ్ముపిట్టలు ఐదు పట్టి చూసి వదిలేశాం. తొమ్మిదింటిలోనూ ఈకల తేడా సరిగ్గా అలాగే ఉంది. ఒక్కొక్కదాని నుంచి చిన్న ఈక ఒకటి తీసుకుని కృపామణి తన జన్యువుల పెట్టెలో వేసింది. అది జవాబు చెప్పడానికి ఐదు రోజులు పడుతుందట. కరణంలాగా తొందరపడే రకం కాదు.

జూలై 7

పెట్టె జవాబు చెప్పింది. రెండు జాతులూ విడిపోయి ఎనిమిది లక్షల ఏళ్లయిందట. నత్తిపిట్ట పోలిక ఉన్న జన్యువు పట్టికలో మరెక్కడా, ఏ దేశం నుంచీ లేదు.

కృపామణి లేచి గుడిసె చుట్టూ రెండుసార్లు పరుగెత్తి వచ్చింది. నేను అన్నం వార్చుతున్నాను, గంజి సగం కాలి మీద పోసుకున్నాను. ఇద్దరం అసిరమ్మ దగ్గరికి వెళ్లాం. కృపామణి ఆమె పక్కన చాప మీద కూర్చుని, జాతి వేరని, ప్రపంచంలో ఇక్కడ తప్ప లేదని, అన్నీ వివరంగా చెప్పింది.

అసిరమ్మ ఓపిగ్గా విన్నది. "అదే గదమ్మా నాను సెప్పింది," అంది.

జూలై 9

చెవుల పాత రికార్డులన్నీ కృపామణి తిరగేస్తోంది. నత్తి కూతలు విడదీస్తే, బీలలో కనీసం మూడువందల జంటలున్నాయని లెక్క తేలింది. అంతరించిపోయిందేమోనని నూట డెబ్బై ఏళ్లుగా పండితులు కొట్టుకుంటున్న పిట్ట, రోజూ నా దోనె పక్కనే పురుగులు ఏరుకుంటోంది.

బావకు కబురు పంపాను. వచ్చాడు. కృపామణి పిట్టను పట్టి చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"కాళ్లు ఎర్రగా లేవేటి?" అన్నాడు.

"కథ పెద్దది బావా, తర్వాత సెప్తాను."

పిట్టను వదిలేశాక గట్టు మీద కూర్చున్నాడు. ముఖం వాడిపోయింది. మాట మీద నిలబడే మనిషి. తవ్వుతానని ఇక అడగడు. కానీ గుమ్మం ముందు నిలబడే జనానికి ఏం చెప్పాలో ఆయనకు తెలియడం లేదు. గెలిచినందుకు నాకు ఆ క్షణంలో ఏమీ సంతోషం కలగలేదు.

వానలకు బీల నిండి గట్టు కోత దగ్గర పొర్లిపోతోంది. మంచినీళ్లు, నిలువెత్తు ధారగా, సముద్రంలోకి. ప్రతి ఏడాదీ మూడు నెలలు ఇలాగే పోతుంది. రోజూ చూస్తాను కాబట్టి నాకది వింత కాదు. బావ మాత్రం రెప్పవేయకుండా దాన్నే చూస్తున్నాడు.

"ఇదంతా ఎక్కడికెల్తాది?"

"సముద్రంలోకి. ఆసాడం నుంచి ఆశ్వీజం దాకా."

"రోజూనా?"

"రోజూని."

కొండ మీద నీలిరాయి తీసి వదిలేసిన క్వారీ గుంత ఒకటుంది. ఎగువపేట మొత్తం తాగినా ఏడాదికి సరిపడేంత పెద్దది. వాన ఒక్కటే దాన్ని నింపదని సంఘం ఎప్పుడో పక్కన పెట్టింది. బీల పొర్లునీటిని అక్కడికి తోడితే? తోడే కరెంటుకు ఆటుపోట్ల చక్రం గట్టు దగ్గరే తిరుగుతోంది. నాకు లెక్కలు రావు, బావకు వచ్చు. పుల్లతో బురద మీద గీస్తూ కూర్చున్నాడు. కృపామణి, బీల నీటిమట్టం జమ్ము మొదళ్ల కిందికి దిగకూడదు, అంతకు పైన ఎంతైనా తీసుకోండి అంది. గొట్టాలు వేయడానికి రెండేళ్లు పడుతుందట. అప్పటిదాకా ఉప్పు తీసే ఆ పాత యంత్రంతోనే నెట్టుకురావాలి.

"రెండేళ్లు జనం నన్ను తిడతారు," అన్నాడు బావ లేస్తూ.

"ఇప్పుడు తిట్టట్లేదేటి?"

"ఇప్పుడూ తిడతన్నారనుకో," అని నవ్వేశాడు. పిట్టను చూశాక ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే.

జూలై 12

మేము మొన్న పంపిన ఆధారాలూ, బావ లెక్కలూ చూసి పట్టిక ఆఫీసు నిర్ణయం పంపింది. కొట్టివేత రద్దు. జాతి నిజం, ప్రాణంతో ఉంది. బీలకు రక్షణ కొనసాగుతుంది, పొర్లునీటి మీద ఎగువపేటకు హక్కు. వివరం రాసిన వాళ్ల పేర్లలో కృపామణి, ఆ తర్వాత నేను, అందరికంటే ముందు చాపల అసిరమ్మ.

పేరు గురించి మాత్రం గొడవైంది. నత్తిపిట్ట అని పెట్టమని నేను అడిగాను. కుదరదట. మొదట పెట్టిన పేరే ఉండాలని నియమం. పేరులో తప్పున్నా సరే. కాబట్టి బురద రంగు కాళ్లతో ఆ పిట్ట కలకాలం ఎర్రకాళ్ల జమ్ముపిట్టగానే ఉంటుంది.

అసిరమ్మకు చెబితే భుజాలెగరేసింది. "ఆళ్లేటి పిలిస్తే దానికేటి? అది పలుకుతాదేటి?"

కృపామణి సాయంత్రం వెళ్లిపోయింది. వెళ్లేముందు నత్తి కూతను కరణానికి నేర్పింది. రెండువందల పదమూడో గొంతు. ఇంకో పని కూడా చేసింది. ఏ కూతైనా సరిగా పోలకపోతే, "తెలియదు, ఢిల్లేశ్వరరావును అడగండి" అని రాసేలా మార్చింది. వద్దు, అసిరమ్మను అడగండి అని పెట్టమన్నాను. అలాగే పెట్టింది.

ఆగస్టు 3

కరణం ఈ వారంలో ఇరవై రెండుసార్లు తెలియదు అంది. అసిరమ్మను దోనెలో ఎక్కించుకుని తిప్పుతున్నాను. ఇరవై రెండింటిలో పదిహేను కప్పలు. మూడు గాలికి రాసుకునే వెదుళ్లు. ఒకటి బావ గొట్టాల కొలతలకు వచ్చి పాడిన పాట. ఒకటి ఏదో వలస వచ్చిన కొంగ. మిగిలిన రెండూ ఆమెకూ తెలియదు. తెలియదని చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. మర్నాడు మళ్లీ వెళ్దామంది. ఎనభై మూడేళ్ల మనిషి, తెల్లారేసరికి దోనె దగ్గర నిలబడి నా కోసం కేకేసింది.

ఆగస్టు 9

పద్దెనిమిదో చెవి తుడవబోయి ఆగిపోయాను. పెట్టె వెనక, ముదురు జమ్ము కాడలు నాలుగింటిని దానికి కట్టి, చిన్న గిన్నెలాంటి గూడు. అందులో మూడు గుడ్లు. నేను చెయ్యి చాచిన దూరంలో తల్లి నత్తిపిట్ట నన్ను చూసి, ఎగరకుండా, ముక్కు పైకెత్తి కదలక కూర్చుంది. రొట్టెముక్కంత ప్రాణి కూడా కాదు, ధైర్యం మాత్రం నాకంటే ఎక్కువ.

మెల్లగా దోనెను వెనక్కి తోశాను.

ఆఫీసువారికి: పద్దెనిమిదో చెవి శుభ్రం చేయబడలేదు. పిల్లలు ఎగిరిపోయేదాకా చేయబడదు. అక్కడి నుంచి వచ్చే లెక్కలు కొంచెం ఎక్కువగా ఉంటాయి, పిట్ట చెవికి ఆనుకుని పాడుతోంది. దయచేసి సర్దుకోగలరు.